ఎవరూ చూడని కుర్చీ

ఒంటరిగా బతికిన మనిషి చనిపోయి, నా అన్నవాళ్లు ఎవరూ రాకపోతే ఆ ఇంటి తాళాలు ఎవరి చేతికి వెళ్లాలి? అమెరికాలో లాస్ వెగాస్ ఉన్న క్లార్క్ కౌంటీలో ఆ పనికోసం ఒక పదవే ఉంది. దాని పేరు పబ్లిక్ అడ్మినిస్ట్రేటర్. నగానట్రా, బ్యాంకు కాగితాలు, ఇంటి సామాను భద్రపరిచి వారసులు దొరికితే వారికి అప్పగించాలి. కౌంటీ అంటే మన లెక్కన జిల్లా. 22 లక్షలకు పైగా జనం ఉన్న ఆ కౌంటీలో ఈ పదవికి ఓట్లేసి మరీ ఎన్నుకుంటారు. ఆ కుర్చీలో ఎవరున్నారని అడిగితే ఎంతమంది ఓటర్లు పేరు చెప్పగలరన్నది వేరే సంగతి. మన మండల పరిషత్ అధ్యక్షుడి పేరు మనలో ఎందరికి తెలుసు?

2018 ఎన్నికల్లో ఆ కుర్చీ డెమొక్రటిక్ పార్టీకి చెందిన రాబర్ట్ టెల్లెస్ అనే న్యాయవాదికి దక్కింది. ఆయన ఇప్పుడు నెవాడా జైల్లో హత్యానేరానికి శిక్ష అనుభవిస్తున్నారు. చనిపోయింది లాస్ వెగాస్ రివ్యూ జర్నల్ విలేకరి జెఫ్ జెర్మన్. ఆయన వయసు 69.

జెర్మన్ నాలుగు దశాబ్దాలు అదే ఊళ్లో పనిచేశారు. కాసినోల వెనుక మాఫియా డబ్బు ఆడిన రోజుల నుంచి రాస్తూ వచ్చారు. ఆ మాఫియా ఆయన ప్రాణం తీయలేదు. చివరికి ఆయన్ని బలిగొన్నది దిక్కులేని వాళ్ల ఆస్తులు కాపాడాల్సిన ఒక చిన్న కార్యాలయం మీద రాసిన వార్త.

2022 మేలో ఆ వార్త వచ్చింది. కార్యాలయం రెండు వర్గాలుగా చీలిపోయిందని, టెల్లెస్ సిబ్బందిని వేధిస్తున్నారని, తన కింద పనిచేసే ఒక ఉద్యోగినితో సన్నిహితంగా ఉంటూ ఆమెకు పెత్తనం ఇచ్చారని మిగతా ఉద్యోగులు చెప్పిన మాటలు అందులో ఉన్నాయి. మాటలే కాదు, పార్కింగ్ గ్యారేజీలో ఆ ఇద్దరూ కారులో కలుసుకుంటున్న దృశ్యాల్ని ఉద్యోగులే రహస్యంగా వీడియో తీశారు. పైవాళ్లకు మొరపెట్టుకుంటే ఫలితం లేదనుకున్నాకే గుమాస్తా స్థాయి ఉద్యోగులు అంత దూరం వెళ్తారు. ఆయన ఓట్లతో గెలిచినవాడు, కౌంటీ యంత్రాంగం ఉద్యోగిని తీసేసినట్టు తీసేయలేదు. గొడవలు సర్దడానికి ఒక మాజీ కరోనర్‌ను, అంటే అనుమానాస్పద మరణాలకు కారణం తేల్చే అధికారిగా పనిచేసిన మనిషిని, సలహాదారుగా పెట్టుకుని ఊరుకుంది. ఆరోపణలు అబద్ధమన్న టెల్లెస్ విలేకరి మీద ట్విటర్‌లో విరుచుకుపడ్డారు. జూన్‌లో పార్టీ ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఓటింగులో, ఓడిపోయారు. గెలిచింది ఆయన కిందే పనిచేసిన రీటా రీడ్.

అక్కడితో కథ ఆగాల్సింది. పదవి పోయిన రాజకీయ నాయకులు లోకంలో కొల్లలు, నాలుగు రోజులు తిట్టుకుని వేరే పని చూసుకుంటారు. కానీ జెర్మన్ రాయడం ఆపలేదు. టెల్లెస్ ఈమెయిళ్లు, సందేశాల కోసం సమాచార దరఖాస్తు పెట్టారు. ఆ రికార్డులు విలేకరి చేతికి వెళ్లబోతున్నాయని టెల్లెస్‌కు తెలిసిందని, హత్యకు అదే కారణమని ప్రాసిక్యూషన్ తర్వాత వాదించింది.

2022 సెప్టెంబరు 2న జెర్మన్‌ను ఆయన ఇంటి ముందే ఎవరో కత్తితో పొడిచి చంపారు. మర్నాడుగానీ శవం బయటపడలేదు. సీసీ కెమెరాల్లో చిక్కిన మనిషి తలమీద వెడల్పాటి గడ్డి టోపీ ఉంది, ఒంటిమీద రోడ్డు పనులు చేసే కూలీలు తొడుక్కునే నారింజ రంగు మెరుపు చొక్కా ఉంది. ఏ ఊళ్లోనూ ఎవరూ తల తిప్పి రెండోసారి చూడని వేషం అది. పోలీసులు అనుమానిత వాహనం ఫొటో విడుదల చేశారు. ముదురు ఎరుపు జీఎంసీ యూకాన్ డెనాలి. అలాంటి బండే టెల్లెస్ ఇంటి ముందు ఉండటం జెర్మన్ సహోద్యోగుల కంటబడింది. సెప్టెంబరు 7న టెల్లెస్‌ను అరెస్టు చేశారు. ముక్కలుగా కత్తిరించిన గడ్డి టోపీ ఆయన ఇంట్లోనే దొరికింది. చనిపోయిన విలేకరి గోళ్ల కింద టెల్లెస్ డీఎన్ఏ దొరికింది. చివరి నిమిషంలో పెనుగులాడుతూ జెర్మన్ సేకరించి ఇచ్చిన ఆధారం అది.

కోర్టులో టెల్లెస్ తానే బోనెక్కి, ఒక రియల్ ఎస్టేట్ కంపెనీ అక్రమాల్ని అడ్డుకున్నందుకు తనను ఇరికించారని గంటల తరబడి చెప్పుకున్నారు. తీర్పు చెప్పడానికి కూర్చున్న పౌరుల బృందం, జ్యూరీ, నమ్మలేదు. 2024 ఆగస్టు 28న ఫస్ట్ డిగ్రీ హత్యగా, అంటే ముందే అనుకుని చేసిన హత్యగా, తీర్పు వచ్చింది. యావజ్జీవం, పెరోల్ (షరతులతో విడుదల) అడగాలంటే ముందు 20 ఏళ్లు గడవాలి అంది జ్యూరీ. మారణాయుధం వాడినందుకు, మృతుడు వృద్ధుడైనందుకు జడ్జి మరో 8 ఏళ్లు కలిపారు.

ఈ కేసులో శిక్ష కన్నా మాకు ముఖ్యంగా కనిపించేది మరొకటి ఉంది. జెర్మన్ ఇంటి నుంచి పోలీసులు ఆయన ఫోను, కంప్యూటర్లు పట్టుకెళ్లారు. హత్య కేసు, పైగా చనిపోయింది తమ మనిషే. అయినా పత్రిక అడ్డం తిరిగింది. అందులో ఆయనకు రహస్యంగా సమాచారం ఇచ్చినవాళ్ల పేర్లున్నాయి, వాళ్లలో పోలీసులూ ఉండొచ్చు, మా విలేకరి ఇచ్చిన మాట ఆయనతో పాటు చావదు అంది. తమ మనిషిని చంపినవాడికి శిక్ష పడాలి, తమ మనిషి ఇచ్చిన మాటా నిలవాలి; ఈ రెండింటికోసం ఒకేసారి కొట్లాడటం తేలిక కాదు. 2023 అక్టోబరులో నెవాడా సుప్రీంకోర్టు పత్రిక పక్షాన నిలిచింది. విలేకరి మరణించినా వార్తామూలాల రక్షణ చట్టం వర్తిస్తుందని చెప్పింది.

సరిగ్గా అదే నెలలో ఢిల్లీ పోలీసులు న్యూస్‌క్లిక్ అనే వార్తా వెబ్‌సైట్ కేసులో పదుల సంఖ్యలో జర్నలిస్టుల ఇళ్లకు వెళ్లి ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు పట్టుకుపోయారు. ఇలాంటి స్వాధీనాలకు మార్గదర్శకాలు ఉండాలని నవంబరులో మన సుప్రీంకోర్టు కేంద్రానికి చెప్పాల్సి వచ్చింది. మన సాక్ష్య చట్టంలో భార్యాభర్తల మాటలకు రక్షణ ఉంది, వకీలుకు కక్షిదారు చెప్పుకున్నదానికి రక్షణ ఉంది. విలేకరికి చెప్పినదానికి లేదు. 1978 నాటి ప్రెస్ కౌన్సిల్ చట్టం మూలాలు చెప్పమని ఒత్తిడి చేయకూడదంటుంది, కానీ అది ఆ కౌన్సిల్ గుమ్మం దాటి బయటికి రాదు.

ఇదంతా అమెరికా గొడవ అనుకునే వాళ్లకు బీజాపూర్ గుర్తు చేస్తాం. మన ములుగు జిల్లాకు ఆనుకుని ఉన్న ఆ ఛత్తీస్‌గఢ్ జిల్లాలో ముకేశ్ చంద్రాకర్ అనే విలేకరి 2025 జనవరి 1న కనిపించకుండా పోయారు. మూడో తేదీన సెప్టిక్ ట్యాంకులో శవమై దొరికారు. రోడ్డు పనుల్లో అవకతవకల మీద వార్త ఇవ్వడమే కారణమని ఆరోపణ. ప్రధాన నిందితుడైన కాంట్రాక్టరును పట్టుకున్నది హైదరాబాద్‌లో. ఆ కేసు ఇంకా కోర్టులో తేలాలి. కానీ పోలిక చూడండి. అక్కడ దిక్కులేని శవాల ఆఫీసు, ఇక్కడ అడవిలో ఒక రోడ్డు. ముఖ్యమంత్రులు, కుంభకోణాలు కావు. పెద్దల సంగతి చూడ్డానికి ఢిల్లీలో, హైదరాబాద్‌లో కెమెరాలకు కొదవ లేదు. చిన్న కుర్చీ వైపు చూసేవాడు ఒక్కడే ఉంటాడు, ఆ ఒక్కడెవరో కుర్చీలో కూర్చున్నవాడికి బాగా తెలుసు. వాడి ఇల్లూ తెలుసు.

పాత్రికేయుల రక్షణ బిల్లును ఛత్తీస్‌గఢ్ అసెంబ్లీ 2023లోనే ఆమోదించింది, ముకేశ్ ప్రాణం నిలవలేదు. కాబట్టి చట్టం వస్తే చాలని మేము అనం. కానీ ఆ మాత్రం ప్రయత్నమైనా రెండు తెలుగు రాష్ట్రాల్లో జరగలేదు. మా వృత్తి వాటా తప్పునూ దాచుకోం. లాస్ వెగాస్ పత్రిక తన విలేకరి ఫోను కోసం రాష్ట్ర సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఇక్కడ మండల విలేకరికి జీతం ఉండదు, అచ్చయిన లైన్ల లెక్కన ఇచ్చే డబ్బులే. అతని ఫోన్లోనూ పేర్లుంటాయి: బిల్లుల సంగతి చెప్పిన పంచాయతీ కార్యదర్శి, మందులు లేవని ఫొటో పంపిన ఆస్పత్రి నర్సు, మధ్యాహ్న భోజనం గురించి వాపోయిన పంతులు. ఆ ఫోను స్టేషన్లో ఇచ్చి వెళ్లమని ఎస్ఐ అడిగితే చూపించడానికి అతని జేబులో ఉండేది అక్రిడిటేషన్ కార్డు. అదీ వచ్చి ఉంటే.