జిమ్ ట్రైనర్ జీతం ఎందుకు పెరగడం లేదు?

హైదరాబాద్‌లో ఏ కొత్త అపార్ట్‌మెంట్ బ్రోచర్ తీసినా అందులో జిమ్ ఫొటో ఉంటుంది. కూకట్‌పల్లి, మణికొండ వైపు వెళ్తే ఒకే వీధిలో రెండు మూడు జిమ్ బోర్డులు కనిపిస్తాయి. విజయవాడ, విశాఖ, వరంగల్‌లోనూ ఇదే వరస. కాబట్టి కండలు పెంచిన కుర్రాడికి ట్రైనర్ ఉద్యోగం దొరకడం కష్టం కాదు. నలభై ఏళ్లు వచ్చేదాకా దాని మీద ఇల్లు నడపగలడా అన్నదే అసలు ప్రశ్న.

మామూలు జిమ్‌లో కొత్తగా చేరిన ఫ్లోర్ ట్రైనర్‌కు నెలకు అటూ ఇటుగా 12 వేల నుంచి 20 వేల వరకు ఇస్తారు. పొద్దున అయిదున్నరకు షట్టర్ తీయాలి, పదింటి దాకా ఉండాలి. మళ్లీ సాయంత్రం అయిదుకొచ్చి రాత్రి పది దాకా. మధ్యలో ఖాళీయే అంటారు గానీ ఆ టైమ్‌లో పెట్టుకోదగ్గ ఇంకో ఉద్యోగం ఏముంటుంది? అసలు డబ్బంతా పీటీలో, అంటే పర్సనల్ ట్రైనింగ్‌లో ఉంది. దానికి క్లయింట్ 8 వేలు కడితే ట్రైనర్ చేతికి సగం రావచ్చు, కొన్నిచోట్ల మూడో వంతే వస్తుంది. అయిదుగురు క్లయింట్లుంటే అదే దాదాపు జీతమంత అవుతుంది. వాళ్లలో ఇద్దరు వేసవికి అమెరికాలో కూతురి దగ్గరికి వెళ్తే ఆ నెల అద్దెకు వెతుక్కోవాల్సిందే.

పైగా సిబ్బంది 20 మంది ఉంటేనే పీఎఫ్, 10 మంది ఉంటేనే ఈఎస్ఐ తప్పనిసరి. నలుగురైదుగురు పనిచేసే కాలనీ జిమ్‌కు ఆ గొడవే లేదు. కరోనాతో 2020 మార్చిలో మూసిన జిమ్‌లను మళ్లీ తెరవడానికి కేంద్రం అనుమతిచ్చింది ఆగస్టు 5 నుంచి. ఆ నాలుగు నెలలూ పీటీ ఆదాయం మీద బతికేవాళ్లు ఏం తిని ఉంటారో ఊహించుకోవచ్చు.

జీతం ఇలా ఉండటానికి యజమానుల పిసినారితనం ఒక్కటే కారణం కాదని నా అభిప్రాయం. ట్రైనర్లు నేర్చుకుంటున్నది ఒకటి, డబ్బులిచ్చి వచ్చేవాళ్లకు కావలసింది మరొకటి. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉంది, మరో 13.6 కోట్ల మంది ఆ అంచున ఉన్నారు. పీటీ ఫీజు కట్టగల స్తోమత ఉన్నవాళ్లలో ఇలాంటివాళ్లు చాలామందే. డాక్టరు 'వాకింగ్ ఒక్కటే చాలదు, కండరాలకు పని చెప్పండి' అంటే వస్తారు. మన ట్రైనర్ దగ్గరేమో సోమవారం చెస్ట్, మంగళవారం బ్యాక్ అనే పాత పాఠమే ఉంటుంది.

యాభై రెండేళ్ల ఆవిడ వచ్చిందనుకోండి. షుగర్ ఉంది, మెట్లు దిగితే మోకాలు నొప్పి. ఆవిడకు బార్‌బెల్ స్క్వాట్ చూపిస్తే రెండో వారం కనబడదు. తెలిసినవాడు ముందు ఏ మందులు వాడుతున్నారో అడుగుతాడు. ఇన్సులిన్ తీసుకుంటుంటే వ్యాయామంలో షుగర్ పడిపోవచ్చు కాబట్టి రీడింగ్ చూసుకుని రమ్మంటాడు, గ్లూకోజ్ దగ్గర పెట్టుకుంటాడు. తర్వాత కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేపుతాడు. ఎనిమిదిసార్లు తేలిగ్గా లేవగలిగితే కుర్చీ ఎత్తు కాస్త తగ్గిస్తాడు, ఆపైన చేతికి చిన్న డంబెల్ ఇస్తాడు. మోకాలు వాచి ఉంటే ఆ రోజుకు ఆపి ఫిజియోథెరపిస్టు దగ్గరికి పంపుతాడు. చూడటానికి ఇందులో గొప్పేమీ ఉండదు, ఇన్‌స్టా రీల్‌కు అసలే పనికిరాదు. కానీ ఆవిడ రెండేళ్లు వస్తుంది, చెల్లెల్నీ వెంటబెట్టుకొస్తుంది.

ఇది చేతకానివాళ్లు ఆ లోటును డబ్బాలు అమ్మి పూడ్చుకుంటారు. ప్రొటీన్ పౌడర్ మీద కమీషన్ ఉంటుంది మరి. కండల కోసం ప్రొటీన్ సప్లిమెంట్లు వాడొద్దని తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లోనే చెప్పింది. అంతకంటే దారుణం, ఆపరేషన్ టేబుల్ మీద బీపీ పడిపోతే ఇచ్చే మెఫెంటెర్మిన్ ఇంజెక్షన్ జిమ్‌ల చుట్టూ తిరగడం. దీన్ని అమ్మేవాడిని ట్రైనర్ అనడానికి నాకు నోరు రాదు.

ఇక సర్టిఫికెట్ల సంగతి. ఫిజియోథెరపిస్టులతో సహా వైద్య అనుబంధ వృత్తులవాళ్ల కోసం 2021లో జాతీయ చట్టం వచ్చింది, ట్రైనర్‌కు అలాంటి లైసెన్సు ఏదీ లేదు. ఏస్, నాస్మ్ లాంటి విదేశీ కోర్సులు, ముంబై కె11 లాంటి దేశీ కోర్సులు కార్పొరేట్ జిమ్‌ల్లో తలుపు తెరుస్తాయి. స్కూల్లో పీఈటీ కావాలంటే మాత్రం దారి వేరు, వ్యాయామ విద్యలో డిగ్రీయో డిప్లొమాయో ఉండాలి. ఏ దారైనా సీపీఆర్ నేర్చుకోకుండా జిమ్ ఫ్లోర్ మీద నిలబడటం తప్పు.

మహిళా ట్రైనర్లకు గిరాకీ ఎక్కువ, దొరికేవాళ్లు తక్కువ. తెల్లారకముందే బయల్దేరి రాత్రి పది దాటాక ఇంటికి చేరే ఉద్యోగమంటే ఇళ్లలో ఒప్పుకోరు మరి. వాళ్లకూ, మధ్యాహ్నాలు వృథా అవుతున్న మగ ట్రైనర్లకూ పనికొచ్చే దారి ఆన్‌లైన్. మనకు మధ్యాహ్నం ఒంటిగంట అంటే లండన్‌లో ఇంకా పొద్దున్నే, మెల్‌బోర్న్‌లో ఆఫీసులు వదిలే వేళ. అక్కడి తెలుగువాళ్లకు 'నడుం పట్టేసింది' అని తెలుగులో చెప్పుకోగలిగే ట్రైనర్ కావాలి, ఫీజూ ఇక్కడికంటే మెరుగ్గానే ఇస్తారు.

జిమ్‌లో చేరే ముందు మాత్రం రెండు విషయాలు రాతపూర్వకంగా అడగాలి. పీటీ ఫీజులో నా వాటా ఎంత, ఏ తేదీకి ఇస్తారు? నేను మానేస్తే నా క్లయింట్లు నాతో రావచ్చా? ట్రైనర్లకూ యజమానులకూ మధ్య గొడవలు ఎక్కువగా వచ్చేది ఈ రెండో దాని దగ్గరే.