చెదలు జవాబిచ్చాయి

కంప్లెయింట్ క్లోజ్ చేసేశారు. కారణం దగ్గర "కస్టమర్ ఇంట్లో లేరు" అని రాశారు. నేను ఇంట్లోనే ఉన్నాను. ఉండటమంటే అలా ఇలా కాదు. వీధి గుమ్మం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, చెవి ద్వారబంధానికి ఆనించి, ఊపిరి బిగబట్టి మరీ ఉన్నాను. ఇంతకన్నా ఎక్కువగా ఇంట్లో ఉండటం మనిషన్నవాడికి సాధ్యం కాదు.

ముందు సంగతులు గబగబా చెప్పేస్తాను. గుమ్మం అడుగు నుంచి గోడ వారగా పెన్సిలు మందాన మట్టి గీత ఒకటి పైకి పాకింది. మా ఆవిడ చీపురు తీసింది, నేను అడ్డం పడ్డాను, చెద మందు కొట్టే కంపెనీకి ఫోన్ చేశాను. భాష ఎంచుకున్నాను, ఒకటి నొక్కాను, నాలుగు నొక్కాను, వాళ్ళ సంగీతం మొత్తం విన్నాను. చివరికి ఒకమ్మాయి దొరికింది.

"సార్, మా టెక్నీషియన్ వచ్చి చూసేదాకా ఆ మట్టిని కదపొద్దు. కిరోసిన్ లాంటివి పొయ్యొద్దు. చెక్క మీద గట్టిగా కొట్టొద్దు."

సలహా మంచిదే. ఆ గీత చెదలు కట్టుకున్న సొరంగం. మట్టీ ఉమ్మీ పెంటా కలిపి కడతాయి. వాటి ఒళ్ళు మరీ మెత్తన, బయటి గాలి తగిలితే ఎండిపోతాయి. అందుకే నేలలోని తడిని వదలకుండా ఆ చాటునే వచ్చి పోతుంటాయి. గీత చెరిపేస్తే మన కళ్ళకు ఆనవాలు పోతుంది, కింద కాపురం అలాగే ఉంటుంది. కిరోసిన్ పోసినా తడిసినవే చస్తాయి, మిగతావి ఇంకో సందు వెతుక్కుంటాయి. అన్నీ ఒప్పుకున్నాను.

"ఎప్పుడొస్తారమ్మా?"

"ఉదయం 9కీ సాయంత్రం 6కీ మధ్యలో సార్."

"నేనడిగింది టైము. నువ్వు చెప్పింది పగలు."

"స్లాట్ అదే సార్."

ఇక కాలింగ్ బెల్. దాని స్విచ్చు బిగించిన చెక్క పలకను చెదలు ఎప్పుడో ఆరగించాయి. స్విచ్చు వైరుకు వేలాడుతోంది. ఎవరికైనా షాక్ కొడుతుందని కనెక్షన్ తీసేశాను. పైగా కొట్టొద్దని కంపెనీవాళ్ళే అన్నారు కదా అని తలుపు మీద ఒక కాగితం అంటించాను: "గుమ్మానికి చెద పట్టింది. దయచేసి గట్టిగా తట్టకండి." చెప్పిన మాట ఇంత తు.చ. తప్పకుండా పాటించిన కస్టమర్ వాళ్ళకు దొరకడు.

మర్నాడు తొమ్మిది నుంచి కూర్చున్నాను. మా ఆవిడ బయటికి వెళ్ళింది. పగలంతా స్లాట్ అయినప్పుడు మనిషి ఏం చేస్తాడు? చదువుతాడు. చెదల్లో కూలీలు వేరు, సైనికులు వేరు. తినేవీ కట్టేవీ కూలీలే. సైనికుల దవడలు పోట్లాటకు తప్ప తిండికి పనికిరావు, వాటి నోట్లో కూడా కూలీలే పెట్టాలి. ఏదైనా ప్రమాదం వస్తే సైనికులు తలను చెక్కకేసి బాదుతాయి. ఆ అదురు తెలిసి కూలీలు లోపలికి పారిపోతాయి. చుట్టూ నిశ్శబ్దంగా ఉంటే ఆ చప్పుడు కొన్నిసార్లు మన చెవికీ వినిపిస్తుందట.

ఇది చదివాక ఎవడైనా ఊరుకోగలడా?

స్క్రూడ్రైవర్ తెచ్చాను. గట్టిగా కొట్టొద్దన్నారు, మెల్లగా కొట్టొద్దనలేదు. దాని పిడితో ద్వారబంధం మీద కింది నుంచి పైకి తట్టుకుంటూ వెళ్ళాను. పైన టక్కుమంది. మోకాలి ఎత్తులో డొబ్బుమంది. పై రంగును పొరలా వదిలేసి లోపలి కలపంతా తినేయడం వీటి పద్ధతి. బయటికి గుమ్మం, లోపల గాలి. ఆ డొబ్బు దగ్గరే చెవి ఆనించాను. సాక్ష్యం ఉండాలని ఫోన్‌లో రికార్డింగ్ పెట్టాను. మధ్యలో ఎవరైనా ఫోన్ చేసి పాడుచేస్తారని ఫ్లైట్ మోడ్‌లో కూడా పెట్టాను. రెండో చెవిలో వేలు పెట్టుకున్నాను.

టక్ టక్ టక్.

ఒళ్ళు జలదరించింది. మూడు దెబ్బలు, స్పష్టంగా, మర్యాదగా. స్క్రూడ్రైవర్‌తో నేనూ మూడు కొట్టాను. కాసేపు ఏమీ లేదు. మళ్ళీ, టక్ టక్ టక్.

నేను రెండు కొట్టాను, పరీక్షకని. అటు నుంచి కూడా రెండే వచ్చాయి.

ఆ క్షణంలో నా మనసులో ఏమేం తిరిగాయో కొంచెం చెప్పాలి. ప్రపంచంలో 3,000 జాతుల దాకా చెదలున్నాయి. వాటిలో ఏదీ మనిషితో లెక్క సరిచూసుకుని మాట్లాడినట్టు నేనెక్కడా చదవలేదు. డీఎన్ఏ చూసి 2007లో శాస్త్రవేత్తలు ఇవి బొద్దింకల వంశమేనని తేల్చారు. బొద్దింకల బంధువర్గం నుంచి ఇంత క్రమశిక్షణ ఎవరూ ఆశించరు. నా గుమ్మంలో ఉన్నది మామూలు సైనికుడు కాదు, సేనాపతి అయ్యుండాలి. పేపర్‌లో ఫొటో వేస్తే ఏ చొక్కా వేసుకోవాలా అని కూడా ఆలోచించాను. మందు కొట్టించడం న్యాయమేనా అని కాస్త జాలి వేసింది. మోకాలి దగ్గర డొల్ల గుర్తొచ్చి ఆ జాలి తగ్గింది.

నాలుగు కొట్టాను. నాలుగు వచ్చాయి. ఈసారి కొంచెం విసుగ్గా వచ్చినట్టు అనిపించింది. అది కూడా ప్రాణే కదా.

తర్వాత కొట్టడం ఆగి సన్నగా గొణుగుడు మొదలైంది. వేల దవడలు ఒక్కసారే నములుతున్న చప్పుడనుకున్నాను. చెవి ఇంకా గట్టిగా ఆనించాను. మధ్యలో "మేడమ్" అన్నట్టు వినిపించింది. రాణి చెదను అలా పిలుచుకుంటాయి కాబోలు అనుకున్నాను. కొన్ని జాతుల్లో రాణి రోజుకు వేల గుడ్లు పెడుతుంది, అలాంటావిడను పేరు పెట్టి పిలవలేరు కదా. ఆ తర్వాత నిశ్శబ్దం.

ఫ్లైట్ మోడ్ తీసి, రికార్డింగును తిరిగి వినకుండానే కంపెనీ నంబరుకు వాట్సాప్ చేశాను. కింద ఒక మాట కూడా రాశాను: "సైనిక చెదల సంకేతాలు. సమస్య తీవ్రంగా ఉంది. వెంటనే మనిషిని పంపగలరు."

సాయంత్రం కంప్లెయింట్ క్లోజ్ అయినట్టు మెసేజ్ వచ్చింది. ఒళ్ళు మండింది. మళ్ళీ భాష, మళ్ళీ ఒకటి, మళ్ళీ నాలుగు, మళ్ళీ అదే సంగీతం. ఈలోపు మా ఆవిడ వచ్చి పక్కన కూర్చుంది, ఆవిడ కూడా వినాలని ఫోను స్పీకర్‌లో పెట్టాను. ఇంట్లోనే ఉన్న మనిషిని లేడని ఎలా రాస్తారని నిలదీశాను. ఆ అమ్మాయి టెక్నీషియన్ రాసిన రిమార్క్ చదివింది.

"బెల్ పనిచేయడం లేదు. గట్టిగా తట్టొద్దని నోటీసు ఉన్నందున వేలితో తట్టాను. కస్టమర్ కూడా లోపలి నుంచి తడుతున్నారు, తలుపు తీయడం లేదు. ఫోన్ స్విచ్చాఫ్. ఆఫీసులో మేడమ్‌కు చెప్పి వెళ్ళిపోయాను."

మా ఆవిడ నా వైపు తిరిగింది.

"మీరు పంపిన ఆడియో కూడా విన్నాం సార్," అంది ఆ అమ్మాయి. "ఆఫీసులో అందరం విన్నాం. చివర్లో ఉన్నది మా టెక్నీషియన్ గొంతే."

నిజం సైనిక చెద మూడు కొట్టి ఆగదట. పుట్టలు కట్టే ఒక ఆఫ్రికా జాతిలో కొలిస్తే సెకనుకు 11 సార్ల వేగంతో బాదుతుందని తేలింది. ఆ ముక్క వ్యాసం చిట్టచివర పెట్టారు. మొదటి పేరాలో రాయడానికి వాళ్ళకేం నొప్పి? తలుపు పక్కనే కిటికీ ఉంది. ఆ టెక్నీషియన్ నాలుగడుగులు పక్కకు వేసి, "ఏవండీ, ఏం చేస్తున్నారు?" అని ఒక్క మాట అడగడానికి ఆయనకేం నొప్పి?

పాత కంప్లెయింట్ తెరవడం కుదరదట. కొత్తది పెట్టాలి, కొత్త నంబరు ఇస్తారు. మందు గురించి మాత్రం ఆ అమ్మాయి మొత్తం అప్పజెప్పింది. గోడా నేలా కలిసేచోట 30 సెంటీమీటర్లకొకటి చొప్పున 12 మిల్లీమీటర్ల కన్నాలు పెడతారు, మందు ఎక్కించి మూసేస్తారు. ఆ మందు ఉన్నట్టు చెదలకు తెలియదు. దాని మీదుగా నడిచినవి ఒంటికి అంటించుకుని పోయి, ఒకదాన్నొకటి నాకుతూ తినిపించుకుంటూ మిగతావాటికి పంచుతాయి. కళ్ళు లేని కూలీలు గూడంతా ఇలా చేరవేసుకుంటాయి. ఈ కంపెనీలో టెక్నీషియన్ మాట ఆఫీసుకూ, ఆఫీసు మాట నాకూ చేరేసరికి పొద్దుగూకింది.

"ఈసారైనా టైము చెప్పమ్మా," అన్నాను.

"ఉదయం 9కీ సాయంత్రం 6కీ మధ్యలో సార్. ఇంకో విషయం సార్, ఈసారి మా మనిషి వచ్చేటప్పుడు ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా ఉండేలా చూసుకోండి."

"నేనుంటానమ్మా," అంది మా ఆవిడ.