మెక్సికో లారీని ఆపితే అమెరికా డ్రైవర్‌కు ఒరిగిందేమిటి?

అమెరికాలో లారీ డ్రైవర్ల ఉద్యోగాల మాట ఎత్తితే చాలు, అందరి చూపూ దక్షిణ సరిహద్దు మీదికే పోతుంది. తక్కువ జీతానికి పనిచేసే మెక్సికో డ్రైవర్లు వచ్చిపడితే మనవాళ్ల గతేంటి అన్న ప్రశ్న 1990ల నుంచీ వినిపిస్తూనే ఉంది. క్లింటన్, ఒబామా, ట్రంప్ ముగ్గురూ ఆ ప్రశ్నకు తలొగ్గి ఏదో ఒక రూపంలో గేటు వేసినవాళ్లే. ఇన్నేళ్ల తర్వాత లెక్క చూసుకుంటే, ఆ గేటు వల్ల బాగుపడినవాళ్లలో అమెరికా డ్రైవర్ ఎక్కడున్నాడో వెతుక్కోవాల్సి వస్తోంది.

అమెరికా, మెక్సికో, కెనడాల మధ్య 1994 జనవరి 1న అమల్లోకి వచ్చిన నాఫ్టా వాణిజ్య ఒప్పందంలో లారీల సంగతి తేదీలతో సహా రాసుకున్నారు. 1995 డిసెంబర్ 18 నుంచి మెక్సికో లారీలు అమెరికాలోని నాలుగు సరిహద్దు రాష్ట్రాల్లో ఎక్కడికైనా సరుకు తీసుకెళ్లొచ్చు. 2000 జనవరి 1 నుంచి దేశమంతా తిరగొచ్చు. అమెరికా లారీలకు మెక్సికోలోనూ అలాంటి హక్కే. మొదటి గడువు వచ్చిన రోజున భద్రత పేరు చెప్పి క్లింటన్ ప్రభుత్వం వాయిదా వేసింది. ఆ భయం పూర్తిగా కల్పితమేమీ కాదు. అప్పట్లో సరిహద్దు దగ్గర తిరిగే మెక్సికో బళ్లలో చాలావాటి కండిషన్ బాగుండేది కాదు. కాకపోతే అమెరికా లారీ డ్రైవర్ల యూనియన్ టీమ్‌స్టర్స్ గట్టిగా ఒత్తిడి తెచ్చిందనీ, మరుసటి ఏడాది అధ్యక్ష ఎన్నికలున్నాయనీ కూడా గుర్తుపెట్టుకోవాలి.

2001 ఫిబ్రవరిలో మధ్యవర్తుల ప్యానెల్ అమెరికా ఒప్పందాన్ని ఉల్లంఘించిందని తేల్చింది. ఆ తర్వాత కాంగ్రెస్ 22 భద్రతా షరతులు పెట్టింది. పర్యావరణం పేరుతో వేసిన కేసు 2004లో సుప్రీంకోర్టులో వీగిపోయింది. 2007లో బుష్ ప్రభుత్వం ప్రయోగాత్మకంగా కొన్ని కంపెనీలను రానిచ్చింది. 2009 మార్చిలో ఒబామా సంతకం చేసిన బడ్జెట్ బిల్లు ఆ ప్రయోగానికి పైసా ఇవ్వకుండా ఆపేసింది.

మెక్సికో ఊరుకోలేదు. సుమారు 240 కోట్ల డాలర్ల విలువైన, దాదాపు 90 రకాల అమెరికా సరుకుల మీద ప్రతీకార సుంకాలు వేసింది. 2010లో జాబితా మార్చి పంది మాంసం, జున్ను, యాపిల్ లాంటివి చేర్చింది. లారీలకూ వీటికీ ఏ సంబంధమూ లేదు. కావాలనే అలా ఏరారు. ఏ రాష్ట్రం రైతుకు నొప్పి పుడితే ఏ సెనేటర్ వాషింగ్టన్‌లో కదులుతాడో లెక్కేసుకుని ఏరిన జాబితా అది. దెబ్బ గట్టిగా తగిలినవాళ్లలో వాషింగ్టన్ రాష్ట్రంలో ఆలుగడ్డ, పండ్లు పండించేవాళ్లున్నారు. ఫ్రెంచ్ ఫ్రైస్ కోసం అమ్మే ఫ్రోజెన్ ఆలుగడ్డ మీద మొదట 20 శాతం సుంకం పడింది. సుంకం లేని కెనడా సరుకు ఆ సందులో దూరింది. డ్రైవర్ ఉద్యోగం కాపాడతామని ఆపిన లారీ ఖరీదు తోటల్లో, ప్యాకింగ్ షెడ్లలో పనిచేసేవాళ్లు కట్టారు. చివరికి 2011 జూలైలో రెండు దేశాలూ రాజీ పడ్డాయి. అక్టోబర్‌లో కొత్త ప్రయోగం మొదలైంది, సుంకాలు పోయాయి.

ఈలోగా సరిహద్దు దగ్గర పని ఎలా నడిచింది? ఇది తెలియకుండా ఉద్యోగాల చర్చ అంతా గాలిలో కత్తులు తిప్పడమే.

టెక్సాస్‌లోని లారెడో తీసుకుందాం. అమెరికా, మెక్సికోల మధ్య లారీ సరుకు అన్నిటికంటే ఎక్కువగా దాటేది అక్కడే. 2000లో ప్రారంభించిన వరల్డ్ ట్రేడ్ బ్రిడ్జి మీద సరుకు బళ్లు తప్ప ఇంకేవీ నడవవు. మాంటెర్రే నుంచి టీవీలో, కారు విడిభాగాలో వేసుకుని బయలుదేరిన మెక్సికో లారీ నదికి మెక్సికో వైపున్న న్యువో లారెడోలో ట్రైలర్ వదిలేస్తుంది. వంతెన దాటించడానికి ఇంకో బండి వస్తుంది. దీన్ని అక్కడివాళ్లు ట్రాన్స్‌ఫర్ అంటారు. కొన్ని మైళ్లు నడవడం, గంటల తరబడి క్యూలో నిలబడడం, ఇదే దాని పని. కస్టమ్స్ అయ్యాక అది లారెడో యార్డులో ట్రైలర్ దింపేస్తుంది. అక్కణ్ణుంచి షికాగో దాకా, అట్లాంటా దాకా లాగేది అమెరికా లారీ. ఒక్క సరుకుకు ముగ్గురు డ్రైవర్లు, రెండు యార్డులు, ఇరువైపులా బ్రోకర్లు.

వాయిదాల పుణ్యమా అని ఈ ఏర్పాటు స్థిరపడిపోయింది. దీనివల్ల అమెరికా డ్రైవర్‌కు లారెడో నుంచి పైకి వెళ్లే పని మిగిలిందన్నది నిజం. యూనియన్ వాదనలో బలమైన భాగం ఇదే, దాన్ని కొట్టిపారేయలేం. కానీ మధ్యలో ఉన్న వంతెన పని? అది ఎక్కువగా మెక్సికో కంపెనీల చేతిలో, మెక్సికో డ్రైవర్ల చేతిలో ఉంది. గేటు వేసి ఉన్నంత కాలం వాళ్ల వ్యాపారానికి ఢోకా లేదు. పైగా సరిహద్దు ఎత్తేస్తే పెద్ద పెద్ద అమెరికా కంపెనీలు మెక్సికోలో దిగుతాయని అక్కడి లారీ యజమానులూ భయపడ్డారు. అంటే తలుపు మూసి ఉంచాలన్న కోరిక నదికి రెండు వైపులా ఉంది.

2011 ప్రయోగం ఫలితం ఇంకా ఆసక్తికరం. మూడేళ్లు తలుపు తెరిచి రమ్మంటే చేరినవి 15 కంపెనీలు. వరద వస్తుందని ఇసుక బస్తాలు వేసుకుని కూర్చుంటే కాలువలో నీళ్లే లేనట్టయింది. వచ్చినవాటిలో కూడా చాలా ట్రిప్పులు సరిహద్దును ఆనుకుని ఉన్న ప్రాంతం దాటలేదు. ఇంత తక్కువ మందిని చూసి ఏమీ తేల్చలేమని రవాణా శాఖ సొంత తనిఖీ విభాగమే అంది. అయినా 2015 జనవరిలో ప్రభుత్వం దరఖాస్తులకు తలుపు తెరిచింది. అప్పుడు కూడా మెక్సికో లారీలు అమెరికా రోడ్లను ముంచెత్తలేదు.

ఎందుకు రాలేదో లారీ నడిపిన ఎవరినడిగినా ఒక్క ముక్కలో చెప్తారు: రిటర్న్ లోడ్. నాఫ్టా ఇచ్చిన హక్కు సరిహద్దు దాటే సరుకుకే. మెక్సికో నుంచి షికాగోకు తెచ్చిన డ్రైవర్ షికాగోలో ఎక్కించుకుని డల్లాస్‌లో దింపడానికి వీల్లేదు. మెక్సికోకు వెళ్లే లోడే దొరకాలి. ఆ దేశం నుంచి వచ్చే సరుకు ఎక్కువ, వెళ్లేది తక్కువ. ఖాళీ బండి వెయ్యి మైళ్లు వెనక్కి తోలితే డీజిల్ ఖర్చుకే లాభం చెల్లు. జీతం తేడా ఎంత ఉన్నా ఈ లెక్క ముందు నిలవదు. గేటు కంటే గట్టి కాపలా ఈ కిరాయి లెక్కే కాస్తుంది. మన దగ్గరా 2014 విభజన తర్వాత నేషనల్ పర్మిట్ లేని లారీలు పక్క రాష్ట్రానికి వెళ్లాలంటే తాత్కాలిక పర్మిట్ తీసుకోవాల్సి వచ్చింది. ఏడాదికోసారి కట్టి తిరిగే కౌంటర్ సిగ్నేచర్ పర్మిట్ ఇవ్వండని లారీ యజమానుల సంఘాలు ఏళ్ల తరబడి అడిగింది ఈ కిరాయి లెక్క తెలిసే. పర్మిట్ ఖర్చు కలిపితే ఏ లోడు గిట్టుతుందో, ఏది గిట్టదో వాళ్లకు నోటి లెక్క.

కాబట్టి సరిహద్దు దాటడం ఒకటి, దాటొచ్చి లోపలి ఊళ్ల మధ్య సరుకు తోలడం ఇంకొకటి. డ్రైవర్ కడుపు మీద కొట్టేది రెండోది. యూరప్‌లో అదే జరిగింది. అక్కడ వేరే దేశపు లారీ సరుకు దింపాక ఏడు రోజుల్లో మూడు లోకల్ ట్రిప్పులు వేసుకోవచ్చు. 2004లో తూర్పు దేశాలు యూరోపియన్ యూనియన్‌లో చేరాక తక్కువ జీతాల పోలండ్ కంపెనీలు ఎదిగి ఎదిగి అక్కడి అంతర్జాతీయ లారీ వ్యాపారంలో మొదటి స్థానానికి చేరాయి. జర్మనీ, ఫ్రాన్స్ డ్రైవర్లు ఏళ్లపాటు గోల పెట్టారు. చమత్కారం ఏమిటంటే, 2023 నవంబర్‌లో అదే పోలండ్ లారీ యజమానులు ఉక్రెయిన్ సరిహద్దులో రోడ్లు దిగ్బంధించారు. యుద్ధం వల్ల 2022లో ఉక్రెయిన్ లారీలకు పర్మిట్లు ఎత్తేశారు, ఇప్పుడు వాళ్లు మా రేట్లు తెగ్గొడుతున్నారని ఫిర్యాదు. అవతలివాళ్ల జీతం తక్కువ కావడం ఎప్పుడు అన్యాయమో, అది మనం ఏ పక్క నిలబడ్డామన్న దాన్ని బట్టి ఉంటుందన్నమాట.

అమెరికాలో మాత్రం విదేశీ లారీ లోపలి సరుకు తోలడం మొదటి నుంచీ నిషిద్ధమే. దొంగతనంగా తోలేవాళ్లు లేరని కాదు, ఉన్నారు, వాళ్లను పట్టుకోవాల్సిందే. యూనియన్లు ఆ ఒక్కదాని మీద పట్టుబట్టి ఉంటే నేను వాళ్లవైపే ఉండేవాణ్ణి.

మరి డ్రైవర్ జీతం ఎక్కడ పోయింది? 1980 జూలై 1న జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టంతో మొదలుపెట్టాలి. అంతకుముందు ఏ కంపెనీ ఏ రూట్లో తిరగాలో, కిరాయి ఎంత ఉండాలో ఫెడరల్ కమిషన్ పర్యవేక్షించేది. కొత్తవాళ్లు ఈ రంగంలోకి రావడం కష్టం, కిరాయిలు ఎక్కువ, అందులో కొంత యూనియన్ ఒప్పందాల ద్వారా డ్రైవర్ల జేబులోకి వెళ్లేది. చట్టం ఆ గోడ తీసేసింది. వేలాది చిన్న కంపెనీలు పుట్టాయి, కిరాయిలు పడ్డాయి, సరుకు అమ్మేవాళ్లకూ కొనేవాళ్లకూ లాభం కలిగింది. డ్రైవర్ నిజ వేతనం మాత్రం జారిపోయింది, యూనియన్ పట్టు సడలింది. ఇదంతా నాఫ్టాకు పద్నాలుగేళ్ల ముందు మొదలైన కథ. 1995 డిసెంబర్‌లో, అంటే మెక్సికో లారీలను ఆపి డ్రైవర్లను ఆదుకున్నామని చెప్పుకున్న ఆ నెలలోనే, పాత కమిషన్‌లో మిగిలిన కాస్తా రద్దు చేసే చట్టం మీద కూడా క్లింటన్ సంతకం పెట్టారు. దాని మీద ఎవరూ ఊరేగింపులు తీయలేదు.

ఇంకా వెనక్కి వెళ్తే 1938 నాటి కార్మిక చట్టం ఉంది. వారానికి 40 గంటలు దాటితే ఒకటిన్నర రెట్ల జీతం ఇవ్వాలన్న ఆ చట్టం రాష్ట్రాల మధ్య తిరిగే లారీ డ్రైవర్లను మినహాయించింది. ఆ మినహాయింపు నేటికీ ఉంది. తీసేయాలని ఈ మధ్య కాంగ్రెస్‌లో బిల్లులు పెట్టినా ముందుకు కదల్లేదు. ఫలితం ఏమిటంటే, దూర ప్రయాణపు డ్రైవర్లలో ఎక్కువమందికి మైలుకింత అని కూలి. చక్రం తిరిగితేనే డబ్బు. గోడౌన్ దగ్గర నాలుగు గంటలు నిలబెడితే హాల్టింగ్ ఛార్జీ వస్తే వచ్చింది, లేకపోతే లేదు. రోజుకు 14 గంటల డ్యూటీ గడియారం మాత్రం ఆగకుండా నడుస్తుంది, అందులో 11 గంటలకు మించి నడపకూడదు. ఈ నిరీక్షణ వల్ల డ్రైవర్లు ఏటా 110 నుంచి 130 కోట్ల డాలర్ల ఆదాయం కోల్పోతున్నారని రవాణా శాఖ తనిఖీ విభాగం 2018లో అంచనా వేసింది. నా దృష్టిలో ఈ మొత్తం వాదంలో ముఖ్యమైన అంకె ఇదే. ఆ డబ్బు పోయేది అమెరికా గోడౌన్ల ముందు, అమెరికా వ్యాపారుల కోసం ఎదురుచూస్తూ.

జీతం చాలక, ఇంటికి వెళ్లలేక డ్రైవర్లు మానేస్తుంటారు. పెద్ద ట్రక్‌లోడ్ కంపెనీల్లో ఏడాదికి 90 శాతం పైగా మానేసిన సంవత్సరాలున్నాయి. దీన్నే కంపెనీలు డ్రైవర్ల కొరత అంటాయి. ఉద్యోగాలు పోవడం గురించైతే 2023 ఆగస్టులో దివాలా తీసిన యెల్లో అనే లారీ కంపెనీని చూడాలి. ఒక్కసారిగా సుమారు 30 వేల మంది రోడ్డున పడ్డారు, అందులో దాదాపు 22 వేల మంది టీమ్‌స్టర్స్ సభ్యులు. అప్పులు, విలీనాలు, యాజమాన్యం, యూనియన్ గొడవ, కారణాలు ఎన్నైనా చెప్పుకోవచ్చు. మెక్సికో లారీ ఆ జాబితాలో లేదు.

2025లో గేటు సరిహద్దు నుంచి లోపలికి జరిగింది. ఇంగ్లీషు రాని డ్రైవర్‌ను తనిఖీలో బండి దింపేయాలన్న నియమం జూన్ 25 నుంచి కఠినంగా అమలవుతోంది. ఆగస్టులో లారీ డ్రైవర్ల వర్క్ వీసాలు ఆపారు. సెప్టెంబర్‌లో శాశ్వత నివాసం లేని విదేశీయుల కమర్షియల్ లైసెన్సులపై వేటు వేసే నియమం తెచ్చారు. సుమారు 2 లక్షల మంది మీద ప్రభావం పడుతుందని ప్రభుత్వమే లెక్కేసింది. అది వెంటనే కోర్టుకెక్కింది. కాలిఫోర్నియాలో ఎన్నో పంజాబీ కుటుంబాలకు ఈ వృత్తే ఆధారం కాబట్టి గురుద్వారాల్లో టెన్షన్ మొదలైంది. అన్నిటికంటే విడ్డూరం, ఇంగ్లీషు నియమంలో సరిహద్దును ఆనుకుని ఉన్న వాణిజ్య ప్రాంతానికి సడలింపు ఇచ్చారు. అక్కడ తిరిగే బండికి తప్పు రాస్తారే గానీ బండి ఆపరు. మెక్సికో డ్రైవర్లు నిజంగా ఎక్కువగా తిరిగే చోటు అదే మరి. అక్కడ బళ్లు ఆగితే లారెడోలో క్యూ ఎంత దూరం పాకుతుందో అధికారులకు బాగా తెలుసు.

డ్రైవర్లు తగ్గితే మిగిలినవాళ్లకు కిరాయి పెరుగుతుందని కొందరంటున్నారు. కొన్నాళ్లు పెరగొచ్చు కూడా. కానీ కూలి మైలుకింతే అయినప్పుడు, ఓవర్‌టైమ్ లేనప్పుడు, ఖాళీ అయిన సీట్లోకి ఇంకో కొత్త డ్రైవర్‌ను లీజు అప్పుతో కూర్చోబెట్టే పద్ధతి అలాగే ఉన్నప్పుడు ఆ పెరుగుదల ఎన్నాళ్లు నిలుస్తుంది? జీతంలోంచి కోసుకుంటూ లారీ నీదే అవుతుందని ఆశపెట్టే ఆ లీజు పథకాలను నిషేధించాలని ఫెడరల్ టాస్క్‌ఫోర్స్ 2025 జనవరిలో సిఫార్సు చేసింది. మెక్సికో మీద పడ్డ శ్రద్ధలో పదో వంతు కూడా దాని మీద పడలేదు.

నాఫ్టా స్థానంలో 2020 జూలై 1న వచ్చిన కొత్త ఒప్పందంలో, మెక్సికో దూర ప్రయాణపు లారీల వల్ల స్వదేశీ కంపెనీలకో డ్రైవర్లకో గట్టి నష్టం జరుగుతోందని రుజువైతే వాటిని ఆపే హక్కు అమెరికా తన దగ్గర పెట్టుకుంది. ఆరేళ్లకు, అంటే 2026 జూలైకి మూడు దేశాలూ సమీక్షకు కూర్చోవాలని అందులోనే ఉంది. ఆ బల్ల ముందు లారీల మాట మళ్లీ వస్తుంది. యూనియన్ ప్రతినిధులు మెక్సికో నిబంధన ఇంకా బిగించమని అడగొచ్చు. వాళ్లు అంతకంటే ముందు కాంగ్రెస్‌కు వెళ్లి 1938 మినహాయింపు తీసేయమనీ, మొదటి రెండు గంటల తర్వాత ప్రతి గంట నిరీక్షణకూ డబ్బు కట్టడం తప్పనిసరి చేయమనీ పట్టుబడితే లారెడో యార్డులో ట్రైలర్ కోసం ఎదురుచూసే డ్రైవర్‌కు ఆ వారమే తేడా తెలుస్తుంది. అందుకు మెక్సికో ఒప్పుకోవాల్సిన పని కూడా లేదు.