సవరణ: కెయిర్న్‌గార్మ్‌లో బస కొండ మీద కాదు

స్కాట్లాండ్‌లోని కెయిర్న్‌గార్మ్ కొండ గురించి రాసిన పోస్టులో, స్కీ వాలు పక్కనే హోటల్ గది దొరుకుతుందనీ, టార్మిగన్ రెస్టారెంట్ శిఖరం మీదే ఉందనీ చెప్పాను. రెండూ తప్పే, మన్నించండి.

బసకు కింద ఏవిమోర్ ఊళ్లో దిగడం మేలు. అక్కడి నుంచి స్కీ వాలు దాదాపు 15 కిలోమీటర్లు. పిల్లలతో వెళ్లేవాళ్లు ఈ దూరం చూసుకుని గది తీసుకోండి. టార్మిగన్ ఉన్నది సుమారు 1,097 మీటర్ల ఎత్తున. శిఖరం 1,245 మీటర్లు. ఫ్యూనిక్యులర్ (కొండ వాలు మీద తాడుతో లాగే) రైలు రెస్టారెంట్ దాకానే వెళ్తుంది. మరమ్మతులకని ఆ రైలు ఏళ్ల తరబడి ఆగిపోయిన సందర్భం ఉంది, నడుస్తోందో లేదో కనుక్కునే బయల్దేరండి.

రెయిన్‌డీర్ల (మంచు ప్రాంతపు జింకల) సంగతి మాత్రం సరిగ్గానే రాశాను: 1952లో స్వీడన్ నుంచి తెచ్చినవాటితో మొదలైన మంద అది, కొండ కింది గ్లెన్‌మోర్‌లో ఉంటుంది. స్కీ చేయనివాళ్లు ముందు అక్కడికే వెళ్లండి.