కప్పా కప్పా సై గురించి మా ఫ్యామిలీ గ్రూపుకి ఒక జవాబు

"అమెరికాలో పిల్లల్ని చదివిస్తున్న తల్లిదండ్రులూ, జాగ్రత్త!" అని మొదలయ్యే మెసేజ్ ఒకటి ఈ నెలలో మా ఫ్యామిలీ గ్రూపులోకి మూడుసార్లు వచ్చింది. అక్కడి కాలేజీల్లో మ్యూజిక్ ఫ్రాటర్నిటీలని, అంటే సంగీతం పేరిట విద్యార్థులు పెట్టుకునే సంఘాలు, ఉంటాయట. సంగీతం పేరుకేనట, లోపల నడిచేది తాగుడట. రహస్య ప్రమాణాలు చేయిస్తారట. అన్నీ మగపిల్లల ముఠాలేనట. 2011లో ఫ్లోరిడాలో ఒక కుర్రాణ్ణి కొట్టి చంపింది ఇలాంటి ఫ్రాటర్నిటీయేనట. ఇంతా చేసి కట్టిన ఫీజు దండగట.

మా అన్నయ్య కూతురు డాలస్‌లో పుట్టి పెరిగింది. యూనివర్సిటీ బ్యాండ్‌లో క్లారినెట్ వాయిస్తుంది. పోయినేడాది కప్పా కప్పా సై అనే బ్యాండ్ ఫ్రాటర్నిటీలో చేరింది. ఆ పేరు విని మా అమ్మ "కప్పల సంఘమేంటే!" అని పడీ పడీ నవ్వింది. మెసేజ్ చదివిన వదిన మాత్రం నవ్వలేదు. అందుకే ఒక్కో మాటా తీసుకుని జవాబు రాస్తున్నాను.

ముందు తాగుడు సంగతి. కప్పా, సై లాంటి గ్రీకు అక్షరాల పేరున్నవన్నీ ఒకటే అనుకోవడం దగ్గరే ఈ మెసేజ్ దారి తప్పింది. సినిమాల్లో చూపించే, పెద్ద ఇల్లు తీసుకుని పార్టీలు చేసుకునేవి సోషల్ ఫ్రాటర్నిటీలు. కప్పా కప్పా సై ఆ కోవది కాదు. అది 1919 నవంబర్ 27న ఒక్లహోమా రాష్ట్రం స్టిల్‌వాటర్‌లో పుట్టింది. ఇప్పుడు ఒక్లహోమా స్టేట్ యూనివర్సిటీ అంటున్నామే, అప్పట్లో దాని పేరు ఒక్లహోమా ఏ అండ్ ఎం కాలేజీ. విలియం స్క్రాగ్స్ అనే విద్యార్థికి ఈ ఆలోచన వచ్చింది. బొహీమియా (ఇప్పటి చెక్ దేశం) నుంచి వలస వచ్చిన బ్యాండ్ డైరెక్టర్ బొహుమిల్ మకోవ్‌స్కీ వెనక నిలబడ్డాడు. పదిమందితో మొదలైంది. వాళ్లు రాసుకున్న ఆశయాలు ఐదు. కాలేజీ బ్యాండ్లు నిలబడాలి, వాటికి గౌరవం దక్కాలి అన్నది మొదటిది. బాగా వాయించేవాళ్లని గుర్తించడం, మంచి నడవడికతో కూడిన నాయకత్వం, వేరే కాలేజీల బ్యాండ్లతో స్నేహం ఆ తర్వాతివి. అందరూ కలిసి సరదాగా గడపడమనేది ఐదోదానిలో గానీ రాదు. చాలా చాప్టర్లకి, అంటే ఒక్కో కాలేజీలోని శాఖలకి, సొంత ఇల్లే ఉండదు, బ్యాండ్ గదే వాళ్ల ఇల్లు.

మరి అక్కడ వీళ్లు చేసేదేంటి? మన ఊళ్లో త్యాగరాజ ఆరాధన జరిగితే పొద్దున్నే వచ్చి జంబుఖానాలు పరిచి, మైకులు సర్ది, విద్వాంసులకి కాఫీలు అందించే కుర్రాళ్లుంటారు కదా, ఇంచుమించు అదే పని. ఫుట్‌బాల్ మ్యాచ్ రోజున సూసాఫోన్లు (ఒంటికి చుట్టుకునే పెద్ద ఇత్తడి బూరలు) ట్రక్కుకెక్కించాలి. ఎండలో కవాతు చేసేవాళ్లకి నీళ్లివ్వాలి. యూనిఫాంలు లెక్కపెట్టాలి, సంగీతం స్వరాలు రాసిన కాగితాలు సర్దాలి. మా పిల్ల శనివారాలు ఫోనెత్తకపోవడానికి కారణం ఇదే. ఇంట్లో కంచం తీయదు కానీ అక్కడ డ్రమ్ములు మోస్తోంది, అది వేరే సంగతి.

రహస్య ప్రమాణాల మాట నిజమే. సభ్యులుగా చేర్చుకునే తంతు బయటివాళ్లకి చూపించరు. నిజం చెప్పాలంటే నాకూ అది కాస్త చాదస్తంగానే అనిపిస్తుంది. కానీ ఉపనయనంలో పంచె కప్పి చెవిలో మంత్రం చెప్పే మనం, తలుపేసుకున్నారనగానే తప్పుపట్టడం ఏం బాగుంటుంది? తంతు రహస్యం, సంఘం కాదు. దాని ఆశయాలు, నియమాలు, ఆఫీసు చిరునామా అన్నీ బహిరంగమే. జాతీయ కార్యాలయం స్టిల్‌వాటర్‌లోని పాత రైల్వే స్టేషన్ భవనంలో ఉంది.

మగపిల్లల ముఠా అన్నది సగం పాత సంగతి, సగం వేరే సంఘం సంగతి. కప్పా కప్పా సై ఒకప్పుడు మగవాళ్లదే. బ్యాండ్‌లో వాయించే ఆడపిల్లల కోసం టౌ బీటా సిగ్మా అనే సోదర సంస్థ 1946లో వచ్చింది. చదువులో ఆడామగా తేడా చూపకూడదని అమెరికాలో 1972లో చట్టమొచ్చాక, 1977 నుంచి రెండింటిలోనూ ఎవరైనా చేరవచ్చు. ఇప్పటికీ మగవాళ్లనే తీసుకునేది ఫై మ్యూ ఆల్ఫా సిన్ఫోనియా. 1898లో బోస్టన్‌లోని న్యూ ఇంగ్లండ్ కన్సర్వేటరీలో మొదలైంది. దాన్ని స్థాపించిన ఒసియన్ మిల్స్ ఆ కాలేజీలో ఫీజుల లెక్కలు చూసే ఉద్యోగి. విద్యార్థుల్ని వెంటబెట్టుకుని ఆసుపత్రులకి వెళ్లి రోగులకి పాటలు వినిపించేవాడు. ఆయన పేరుతో ఆ పని నేటికీ సాగుతోంది. ఆడపిల్లల్ని చేర్చుకోకపోవడం నాకు నచ్చదు, కానీ ముఠా అనడానికి నోరు రాదు.

ఇక ఫ్లోరిడా. దీన్ని తేలిగ్గా తోసెయ్యను. 2011 నవంబర్ 19న ఒర్లాండోలో ఫుట్‌బాల్ మ్యాచ్ అయ్యాక, ఫ్లోరిడా ఏ అండ్ ఎం యూనివర్సిటీ బ్యాండ్‌లో డ్రమ్ మేజర్ (బ్యాండ్ ముందు నడిచి నడిపించేవాడు) అయిన రాబర్ట్ ఛాంపియన్, 26 ఏళ్లవాడు, ఆగివున్న బస్సులో తిన్న దెబ్బలకి చనిపోయాడు. బస్సులో ఒక చివర నుంచి ఇంకో చివరకి నడవాలి, రెండు వైపుల నుంచీ తోటివాళ్లు కొడతారు. మనం ర్యాగింగ్ అనేదాన్నే వాళ్లు హేజింగ్ అంటారు. ఆ బ్యాండ్‌ని 2013 వరకూ ఆపేశారు, కొందరికి శిక్షలు పడ్డాయి. అయితే ఆ రాత్రి జరిగింది ఏ ఫ్రాటర్నిటీ దీక్షా కాదు. బ్యాండ్ బస్సులోనే తరాలుగా పాతుకుపోయిన ఆనవాయితీ అది. మెసేజ్ రాసినవాళ్లు ఇక్కడ తప్పు చెప్పారు.

అలాగని ఫ్రాటర్నిటీలు కడిగిన ముత్యాలని చెప్పబోవడం లేదు. హేజింగ్ చేసి సస్పెండైన మ్యూజిక్ ఫ్రాటర్నిటీ చాప్టర్లూ ఉన్నాయి. నియమావళిలో నిషేధం ఉన్నంత మాత్రాన ఆగదు. ఆంధ్రప్రదేశ్‌లో ర్యాగింగ్ నిషేధ చట్టం 1997లోనే వచ్చింది, హాస్టళ్లలో ఏం జరుగుతోందో మనకి తెలియదా? వదినా, నువ్వు భయపడాల్సింది గ్రీకు అక్షరాలకి కాదు. చేరే ముందు ఆ కాలేజీలో ఆ చాప్టర్ మీద ఎప్పుడైనా చర్య తీసుకున్నారా అని అడగాలి. హేజింగ్ వివరాలు కాలేజీలు బయటపెట్టాలని అమెరికాలో 2024 డిసెంబర్‌లో చట్టం కూడా చేశారు. "ఇది ఇంట్లో చెప్పొద్దు" అన్న మాట ఎవరి నోటి నుంచి వచ్చినా ఆ రోజే బయటకి వచ్చేయమని పిల్లకి నేను చెప్పాను.

ఫీజు ఉంది, నిజం. దండగో కాదో కట్టేవాళ్లిష్టం. సంగీతం ప్రధాన సబ్జెక్టుగా చదవక్కర్లేదు, బ్యాండ్‌లో వాయిస్తే చాలు. మా పిల్ల చదువుతున్నది సివిల్ ఇంజనీరింగ్. దీనివల్ల ఉద్యోగం వస్తుందా అని అన్నయ్య అడిగాడు. రాదు. క్లారినెట్ వల్ల కూడా రాదుగా అన్నయ్యా, మరి ఆరో క్లాసులో కొనిచ్చింది నువ్వే కదా!