బాబాయి గారి అసమీకరణం

మా బాబాయి జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. ఇంట్లో మాత్రం పీరియడ్లు నడుస్తూనే ఉన్నాయి.

గృహప్రవేశం భోజనాలకు క్యాటరింగ్ అతను ప్లేటుకి 180 అన్నాడు. వంటవాళ్లని పెట్టుకుంటే కూలి, గ్యాసు, గిన్నెల అద్దె కలిపి 12,000. పైగా సరుకులకు మనిషికి 110. "పిలిచింది 150 మందిని. క్యాటరింగ్‌కి ఇచ్చేయండి, గొడవ వదుల్తుంది" అంది పిన్ని.

మాస్టారు ఊరుకుంటారా? వచ్చేవాళ్లు ఎక్స్ మంది అనుకుని, ఆహ్వాన పత్రిక వెనకాల అసమీకరణం (ఏది తక్కువో తేల్చే <, > గుర్తుల లెక్క) మొదలెట్టారు. ఎక్స్‌లన్నీ ఒక పక్కకి తెచ్చేసరికి మైనస్ 70 తేలింది. దాంతో భాగించి, "171 లోపైతే వంటవాళ్లే చవక!" అని ప్రకటించారు. పదో తరగతి మనవడు తొంగి చూసి, "తాతా, మైనస్‌తో భాగిస్తే గుర్తు తిరగబడాలి కదా?" అన్నాడు. తిరగేశారు. 171.43 దాటితేనే వంటవాళ్లు చవక.

"ఆ పాయింట్ నలభై మూడో ఆయన ఎవరండీ?" అంది పిన్ని.

"అరమనిషిని పిలవలేం. 172 చేద్దాం."

కొంప మునిగింది ఇక్కడే. అసమీకరణాన్ని నిలబెట్టడానికి ఈయన ఫోన్ తీసి ఇంకో 22 మందిని పిలిచారు. "172 మందికి క్యాటరింగ్ 30,960. వంటవాళ్లు 30,920. నలభై రూపాయలు మిగిలాయా లేదా?"

"150 మందికి 27,000తో పోయేది కదండీ!"

"నీకేం తెలుసే! ఇంగ్లండు లెక్కల పండితుడు థామస్ హారియట్ పోయిన పదేళ్లకి, 1631లో ఆయన పుస్తకంలో అచ్చుకెక్కాయి ఈ గుర్తులు."

"అప్పుడు గ్యాస్ బండ ఎంతో?"

తీరా ఆ రోజు, ఫోన్లో పిలిచినవాళ్లు పిల్లాజెల్లాతో దిగారు. గుత్తివంకాయ మూడో పంక్తికే అయిపోయింది. సాంబారులో ఎన్నిసార్లు నీళ్లు కలిపారో, ములక్కాడ ముక్కలు విడివిడిగా ఈత కొడుతున్నాయి. ఇంకా పాతికమంది చేతులు కడుక్కుని నిలబడ్డారు. బాబాయి పెరట్లోకి వెళ్లి, గొంతు తగ్గించి, ఆ క్యాటరింగ్ అతనికే ఫోన్ చేశారు.

"ప్లేటు 200 అవుతుంది మాస్టారూ. నలభైకి తగ్గితే బండి కదలదండీ."

"కావలసింది పాతికే కదయ్యా!"

"ఎక్స్ గ్రేటర్ దాన్ ఆర్ ఈక్వల్ టు నలభై అండీ. తొమ్మిదో తరగతిలో తొడపాశం పెట్టి మరీ నేర్పారు, మర్చిపోతానా?"