వరద లెక్కలు అందరికీ అందాలి

ఓపెన్ డేటాతో, అంటే ఎవరైనా వాడుకునేలా లెక్కలు బయట పెట్టడంతో, పరిశోధనకు, జనానికి మేలన్న మీ వ్యాసం చదివాను. మాది మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరోంచ. ప్రాణహిత గోదావరిలో కలిసేది ఇక్కడే, ఎదుటి ఒడ్డు తెలంగాణలోని కాళేశ్వరం. 2022 జులై వరదకు మా వైపు పొలాలు మునిగాయి. నీటిమట్టం ఒక శాఖ దగ్గర, బ్యారేజీ గేట్ల వివరాలు ఇంకో రాష్ట్రం దగ్గర, పంట నష్టం మరోచోట. నేను చూసిన పట్టికలైతే స్కాన్ చేసిన పీడీఎఫ్‌లే. అంకెలు చేత్తో ఎక్కించుకోవాలి. ఊరి పేరు ఒక్కోదాంట్లో ఒక్కోలా ఉంటుంది. జనగణనలో ప్రతి గ్రామానికీ కోడ్ ఉంది కదా, కనీసం అది వేసినా పరిశోధన చేసే పిల్లలు రెండు రాష్ట్రాల లెక్కలు కలిపి చూడగలరు. డేటా పంచుకోవాలని కేంద్రం 2012లోనే విధానం తెచ్చింది మరి! అలాగని పరిహారం జాబితాలో రైతు బ్యాంకు ఖాతా నంబరుతో సహా నెట్‌లో పెట్టేయడం ఘోరం. దాని మీద కూడా మీరు వివరంగా రాయాలి.